అమెరికాలో పల్లె ఇల్లు, యూఎస్‌డీఏ లోన్: డౌన్ పేమెంట్ లేకుండా కొనాలంటే ఏమేం చూసుకోవాలి

ఇక్కడ ఇల్లు కొనాలనగానే మనవాళ్ల నోట ముందు వచ్చేది "ఇంటి ధరలో ఇరవై శాతం ముందే (డౌన్ పేమెంట్) కట్టాలి కదా" అనే మాటే. ఆ ఇరవై శాతం పోగయ్యేలోగా ఐదారేళ్లు అద్దెల కిందే పోతాయి, ఈలోగా ఇళ్ల ధరలు ఇంకో మెట్టు ఎక్కి కూర్చుంటాయి. ఒక్క డాలరు డౌన్ పేమెంట్ లేకుండా, ప్రభుత్వ హామీతో, ముప్పై ఏళ్ల ఫిక్స్‌డ్ వడ్డీకి ఇల్లు కొనే దారి ఒకటి ఉందని మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. మాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

మేముండేది అర్కాన్సాస్ వాయవ్య మూల, బెంటన్ కౌంటీలో. వాల్‌మార్ట్ హెడ్ ఆఫీసు బెంటన్‌విల్‌లో ఉండబట్టి ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఊళ్లో ధరలు మా వల్ల కాక, ఊరి బయటికి చూడటం మొదలుపెట్టాం. అప్పుడు తెలిసింది ఈ యూఎస్‌డీఏ లోన్ గురించి.

యూఎస్‌డీఏ అంటే అమెరికా వ్యవసాయ శాఖ. ఆ పేరు చూసి ఇది రైతులకు ఇచ్చే అప్పు అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. రైతులకు కాదు. నిజానికి పంట పండించి అమ్ముకునే పొలం మీద ఈ లోన్ ఇవ్వనే ఇవ్వరు, మీరు కాపురం ఉండే ఇంటికే ఇస్తారు. 1949 నాటి హౌసింగ్ చట్టంలో 502 సెక్షన్ కింద రెండు రకాలున్నాయి. గ్యారంటీడ్ లోన్ అంటే అప్పు ఇచ్చేది మామూలు బ్యాంకు లేదా మార్టిగేజ్ కంపెనీ, మీరు కట్టకపోతే వాళ్లకు వచ్చే నష్టానికి ప్రభుత్వం హామీ ఉంటుంది. రెండోది డైరెక్ట్ లోన్. ఇది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు యూఎస్‌డీఏ తానే ఇస్తుంది. సబ్సిడీతో వడ్డీ భారం ఒక శాతం దాకా దిగొచ్చు, 33 ఏళ్లు, కొందరికి 38 ఏళ్ల గడువు కూడా ఇస్తారు, కాకపోతే ఇల్లు అమ్మేటప్పుడు ఆ సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో ఎక్కువమందికి పనికొచ్చేది మొదటిది కాబట్టి ఇక్కడ దాని గురించే చెబుతాను.

ముందు వీసా సంగతి

ఇది ముందే చెప్పేస్తే చాలామందికి టైమ్ కలిసొస్తుంది. అప్పు తీసుకునేవాళ్లు అమెరికా పౌరులైనా అయి ఉండాలి, లేదా గ్రీన్ కార్డు లాంటి శాశ్వత హోదా ఉండాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఇది రాదు. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్‌తో, తక్కువ డౌన్ పేమెంట్‌తో ఇచ్చేది) ఇంతకుముందు వచ్చేది, 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివాళ్లకు అదీ ఆపేశారు. అంటే హెచ్‌1బీలో ఉన్నవాళ్లకు మిగిలింది కన్వెన్షనల్ దారి, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అయిపోయింది, ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మన తేదీ) దగ్గరికొస్తోంది అనేవాళ్లు కార్డు చేతికి వచ్చేదాకా ఆగి ఇటు రావొచ్చు.

భార్యాభర్తల్లో ఒకరికే గ్రీన్ కార్డు ఉంటే ఆ ఒక్కరి పేరు మీద అప్లై చేసుకోవచ్చు. కాకపోతే రెండో మనిషి జీతం అర్హత లెక్కలో కలుస్తుంది, అప్పు కట్టే స్తోమత లెక్కలో మాత్రం కలవదు. పైగా టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో (పెళ్లయ్యాక ఆస్తులు, అప్పులు ఇద్దరివీ అనే చట్టం ఉన్నచోట్ల) లోన్‌లో పేరు లేని భార్య లేదా భర్త అప్పులు కూడా లెక్కేస్తారు.

ఆదాయం లెక్క ఇంటి మొత్తానిది

లోన్ ఆఫీసర్లు కూడా పొరపడేది ఇక్కడే. మామూలు లోన్‌కి సంతకం పెట్టేవాళ్ల జీతం చూస్తారు. దీనికి ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్లందరి ఆదాయం కలిపి చూస్తారు, లోన్‌లో పేరున్నా లేకున్నా సరే. మీ తమ్ముడు మీతోనే ఉంటూ ఉద్యోగం చేస్తుంటే అతని జీతం కూడా లెక్కలోకి వస్తుంది.

పరిమితి కౌంటీని బట్టి మారుతుంది. 2025 లెక్క ప్రకారం చాలా కౌంటీల్లో నలుగురి దాకా ఉన్న ఇంటికి 1,19,850 డాలర్లు, ఐదు నుంచి ఎనిమిది మంది ఉంటే 1,58,250 డాలర్లు. ఖరీదైన ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ. ఈ అంకెలు ఏటా మారుతుంటాయి కాబట్టి యూఎస్‌డీఏ అర్హతల వెబ్‌సైట్లో మీ కౌంటీది చూసుకోండి.

మీ జీతం పరిమితి దాటిందని వెంటనే వదిలేయకండి, ఎందుకంటే వాళ్లు చూసేది తగ్గింపులు పోను మిగిలిన ఆదాయాన్ని. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఒక్కొక్కరికి 480 డాలర్లు తీసేస్తారు, ఇది చిన్న మొత్తమే. అసలు పెద్ద తగ్గింపు డేకేర్. మీరు ఉద్యోగానికి వెళ్లడం కోసం పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల సంరక్షణకు పెట్టే ఖర్చు మినహాయిస్తారు. ఒక ఇల్లు తీసుకోండి. ఇద్దరి జీతాలు కలిపి 1,28,000, ఇద్దరు పిల్లలు, ఏడాదికి డేకేర్ 12,000. పిల్లల తగ్గింపు 960, డేకేర్ 12,000 తీసేస్తే 1,15,040. పరిమితిలో పడిపోయారు. డేకేర్ రసీదులన్నీ దాచుకోమని చెప్పేది అందుకే.

అత్తగారో అమ్మో గ్రీన్ కార్డు మీద వచ్చి మీతోనే ఉంటుంటే ఇంట్లో మనుషులు ఐదుగురవుతారు, పరిమితి ఒక్కసారిగా 1,58,250కి వెళ్తుంది. ఆమెకు ఆదాయం ఉంటే అదీ కలపాలి, అది వేరే సంగతి. ఆరు నెలలు చూసి పోదామని విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను మాత్రం ఇంటి సభ్యులుగా రాయకండి.

ఇంకొకటి, ఇది మనవాళ్లకు బాగా వర్తిస్తుంది. మీ దగ్గర ఇరవై శాతం డౌన్ పేమెంట్, క్లోజింగ్ ఖర్చులకు (సంతకాలై ఇల్లు మీ పేరు మీదకు మారే రోజు కట్టే ఫీజులు) సరిపడా డబ్బు చేతిలో ఉండి, క్రెడిటూ బాగుండి, మామూలు కన్వెన్షనల్ లోన్ తేలిగ్గా వచ్చే పరిస్థితి ఉంటే ఈ లోన్ ఇవ్వరు. బయట అప్పు అంత సులువుగా పుట్టనివాళ్ల కోసం పెట్టిన పథకం ఇది. రిటైర్మెంట్ ఖాతాలో ఉన్నదాన్ని ఈ లెక్కలోకి తీసుకోరు. ఇండియాలో ఉన్న ఫ్లాటు, స్థలం, అక్కడి ఎడ్యుకేషన్ లోన్, అన్నీ అప్లికేషన్‌లో రాయండి. అది ప్రభుత్వ హామీ ఉన్న కాగితం, దాని మీద అబద్ధం రాయడం నేరం.

ఊరు పల్లె అవునా కాదా

యూఎస్‌డీఏ వెబ్‌సైట్లోని మ్యాప్‌లో అడ్రస్ కొడితే అర్హత ఉందో లేదో చెప్పేస్తుంది. రంగు వేసిన భాగం అర్హత లేనిది, మిగతాదంతా ఉన్నది. మొదటిసారి చూసినప్పుడు నేను తిరగేసి అర్థం చేసుకుని రెండు రోజులు నిరాశపడ్డాను. దేశంలో నేల విస్తీర్ణం లెక్కన ఎక్కువ భాగం అర్హత ఉన్నదే. జనాభా మామూలుగా 20 వేల లోపు, ఇదివరకే అర్హత ఉన్న కొన్ని ఊళ్లకు 35 వేల దాకా చూస్తారు. అంటే డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్ రావు, బెంటన్‌విల్ రాదు, కానీ అలాంటి ఊళ్ల చుట్టూ అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్లు చాలా వస్తాయి. ఊరి పేరు చూసి తేల్చుకోకండి, ఇంటి నంబరుతో సహా అడ్రస్ కొట్టండి. రోడ్డుకు ఇటు ఉన్న ఇల్లు లోపల, అటు ఉన్న ఇల్లు బయట పడ్డ సందర్భాలు మేమే చూశాం.

డబ్బు సంగతి

డౌన్ పేమెంట్ లేదు కానీ హామీ ఫీజు ఉంది. మొదట్లో లోన్ మీద ఒక శాతం, తర్వాత ఏటా మిగిలిన బాకీ మీద 0.35 శాతం. మొదటిది లోన్‌లోనే కలిపేసుకోవచ్చు. 2,80,000 డాలర్ల ఇల్లయితే ఫీజు కలిపి లోన్ 2,82,828 అవుతుంది, ఏటా ఫీజు మొదటి ఏడాది నెలకు 82 డాలర్ల చిల్లర. అదే ఎఫ్‌హెచ్‌ఏలో డౌన్ పేమెంట్‌గా ముందు 9,800 డాలర్లు చేతి నుంచి కట్టాలి, మొదటి ఫీజు 1.75 శాతం, ఇన్సూరెన్స్ ఏడాదికి 0.55 శాతం చొప్పున నెలకు నూట ఇరవై డాలర్లు దాటుతుంది. కన్వెన్షనల్‌లో పీఎంఐని (డౌన్ పేమెంట్ తక్కువైతే కట్టించుకునే ఇన్సూరెన్స్) కొన్నేళ్లకు తీయించుకోవచ్చు, యూఎస్‌డీఏ ఏటా ఫీజు మాత్రం లోన్ ఉన్నంత కాలం ఉంటుంది. ఆ తేడా తెలిసే దిగండి.

డౌన్ పేమెంట్ లేదంటే చేతిలో పైసా లేకుండా కొనేయొచ్చని కాదు. ఎర్నెస్ట్ మనీ (ఆఫర్ ఒప్పుకున్నాక ఇచ్చే బయానా), ఇన్‌స్పెక్షన్, అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం), నీళ్ల పరీక్ష, సెప్టిక్ పరీక్ష, ఇవన్నీ ముందే చేతి నుంచి పోతాయి. క్లోజింగ్ ఖర్చుల్లో ధర మీద ఆరు శాతం దాకా అమ్మేవాళ్లు భరించొచ్చు, ఆఫర్ రాసేటప్పుడే అది అడగాలి. ఈ లోన్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. అప్రైజల్ మీరు ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ వస్తే, ఆ తేడా మేరకు క్లోజింగ్ ఖర్చులు లోన్‌లోనే కలుపుకోవచ్చు. వేరే లోన్లతో ఇల్లు కొనేటప్పుడు ఈ వెసులుబాటు దాదాపు కనపడదు. మీ లోన్ ఆఫీసర్‌కి ఈ సంగతి తెలియకపోతే యూఎస్‌డీఏ లోన్లు బాగా చేసే ఇంకొకరిని వెతుక్కోండి. ఊరికే "అవును, మేమూ చేస్తాం" అనేవాళ్లు చాలామంది ఉంటారు, పోయిన ఏడాది ఎన్ని చేశారని అడిగితే తెలిసిపోతుంది.

ఇండియా నుంచి నాన్న పంపిన డబ్బు వాడొచ్చు, అది గిఫ్ట్ అని, తిరిగి ఇవ్వక్కర్లేదని ఉత్తరం ఉండాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో బ్యాంకు కాగితాలు ఉండాలి. ఆఫర్ పెట్టాక హడావుడిగా తెప్పించుకుంటే టెన్షన్, రెండు మూడు నెలల ముందే తెప్పించి పెట్టుకోండి.

క్రెడిట్ స్కోరు 640 దాటితే యూఎస్‌డీఏ కంప్యూటర్ సిస్టమ్ దారి సులువు చేస్తుంది. అంతకంటే తక్కువైతే మనిషి కూర్చుని ఫైలంతా చూస్తాడు, చాలా కంపెనీలు అక్కడే వద్దంటాయి. ఇంటి నెలవారీ ఖర్చు జీతంలో 29 శాతం, అప్పులన్నీ కలిపి 41 శాతం అనేది మామూలు కొలత. నెలకు 8,000 సంపాదిస్తే ఇంటికి 2,320, కారు లోన్లతో సహా అన్నీ కలిపి 3,280. స్కోరు బాగుంటే కొంచెం దాటినా సిస్టమ్ ఒప్పుకుంటుంది. స్టూడెంట్ లోన్ ఇంకా కట్టడం మొదలుపెట్టకపోయినా బాకీలో అర శాతం నెల వాయిదాగా లెక్కేస్తారు.

నీళ్లు, మురుగు, దారి

మన ఊళ్లలో స్థలం కొనేటప్పుడు పెద్దవాళ్లు అడిగేది ఇదే కదా, నీళ్లు పడతాయా, బండి వెళ్లే దారుందా అని. అమెరికాలో పదేళ్లు అపార్ట్‌మెంట్లో ఉండి ఆ ప్రశ్నలు అడగడం మర్చిపోయాం. పల్లె ఇంటికి మళ్లీ అవే కావాలి. కిచెన్ గ్రానైట్, ఫ్లోరింగ్ చూసి మురిసిపోయి వచ్చేశాక రాత్రి మా అమ్మ ఫోన్లో "నీళ్లెక్కడివి?" అని అడిగితే చెప్పలేకపోయాం.

బోరు ఉన్న ఇల్లయితే నీళ్లు పరీక్ష పాసవ్వాలి, లేకపోతే లోన్ ముందుకు కదలదు. మాది మొదటిసారి ఫెయిలైంది, కోలిఫామ్ బ్యాక్టీరియా ఉందన్నారు. కంగారు పడ్డాం కానీ ఇది చాలా ఇళ్లలో ఉండే సమస్యే. అమ్మేవాళ్లు ఒక మనిషిని పిలిపించారు, ఆయన బోరు మూత తీసి క్లోరిన్ బ్లీచ్ పోసి, ఇంట్లో ఒక్కో పంపూ తిప్పుతూ బ్లీచ్ వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి, అప్పుడు ఆపేశాడు. మర్నాడు దాకా అలాగే ఉంచి, తర్వాత బయటి పంపుకు పైపు తగిలించి వాసన పోయేదాకా నీళ్లన్నీ దూరంగా వదిలాడు. ఆ నీళ్లు సెప్టిక్‌లోకి పోకూడదట, అందులో మురుగును కుళ్లబెట్టే క్రిములు చచ్చిపోతాయట. కొన్ని రోజులాగి మళ్లీ శాంపిల్ తీస్తే పాసయింది. కానీ క్లోజింగ్ తొమ్మిది రోజులు వెనక్కి పోయింది, రేట్ లాక్ (వడ్డీ రేటు మారకుండా పట్టి ఉంచే గడువు) పొడిగించడానికి ఫీజు కట్టాం. ఆఫర్ ఒప్పుకున్న వారంలోనే నీళ్ల పరీక్ష చేయించి ఉంటే ఆ డబ్బు మిగిలేది. మాకు ఆ సలహా ఎవరూ ఇవ్వలేదు, మీరైనా మొదటి వారంలోనే చేయించండి.

సెప్టిక్ ట్యాంకు ఇంకా ముఖ్యం. అమ్మేవాళ్లు "ఎప్పుడూ ప్రాబ్లెమ్ రాలేదు" అంటారు. ఆ మాట విని ఊరుకోకండి. ట్యాంకు మూత తవ్వి తీయించి, లోపల మట్టం చూపించుకోండి. మాకు పరీక్ష చేసినాయన సన్నటి ఇనుప చువ్వ గడ్డిలో గుచ్చుకుంటూ నడిచాడు, ఒకచోట టంగుమంది, అక్కడ తవ్వితే మూత. తర్వాత ఇంటి వెనక, మురుగు నీళ్లు భూమిలోకి ఇంకే చోట నడిచి చూపించాడు. అక్కడ బూటు మెత్తగా దిగబడినా, గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా ఏపుగా ఉన్నా అది పాడైనట్టు. కొత్తగా వేయించాలంటే వేలకు వేలు. ఇంకోటి, కౌంటీలో సెప్టిక్ పర్మిట్ కాగితం తీయించి ఎన్ని బెడ్‌రూములకు ఇచ్చారో చూడండి. ప్రకటనలో నాలుగు బెడ్‌రూములని ఉంటుంది, పర్మిట్ మూడింటికే ఉంటుంది. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ యాభై అడుగులు, బోరుకూ నీళ్లింకే చోటుకూ వంద అడుగులు ఉండటం మామూలు నియమం. టేపు పట్టుకుని మీరే కొలుచుకోవచ్చు.

ఇక దారి. ఇంటిదాకా వచ్చే రోడ్డు కౌంటీదా, ప్రైవేటుదా? పక్కవాళ్ల స్థలంలోంచి వస్తుంటే, వెళ్లే హక్కు శాశ్వతంగా రిజిస్టరై ఉండాలి, రోడ్డు బాగోగులు ఎవరు చూస్తారో కూడా తేలాలి. "ముప్పై ఏళ్లుగా ఇలాగే వెళ్తున్నాం" అంటే బ్యాంకు ఒప్పుకోదు, ఆస్తి పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీని ఆ కాగితం ముందే అడగండి.

లోన్‌తో సంబంధం లేకపోయినా కొన్ని చూసుకోండి. ఫైర్ స్టేషన్ ఎంత దూరమో కనుక్కోండి, ఇంటి ఇన్సూరెన్స్ దాన్ని బట్టి మారుతుంది. ప్రొపేన్ ట్యాంకు ఇంటివాళ్ల సొంతమా, కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నదా? ఇంటి నుంచి పని చేసేవాళ్లయితే ఆ అడ్రస్‌కి ఇంటర్‌నెట్ ఇస్తామని కంపెనీ నోటితో చెప్పించుకునేదాకా ఆఫర్ పెట్టకండి. మా కౌంటీలో కోళ్ల ఫారాలు ఎక్కువ. మన తణుకు, అనపర్తి వైపు పెరిగినవాళ్లకు ఎండాకాలం సాయంత్రం గాలి తిరిగితే ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంటిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి.

టైమ్ లెక్క

మామూలు లోన్‌లో కంపెనీ ఓకే అంటే అయిపోతుంది. దీనిలో కంపెనీ ఓకే అన్నాక ఫైలు యూఎస్‌డీఏకు వెళ్తుంది, వాళ్లు చూసి కండిషనల్ కమిట్‌మెంట్ అనే కాగితం ఇస్తేనే క్లోజింగ్. అందుకు కొన్ని రోజులు పడుతుంది, రద్దీని బట్టి ఇంకా ఎక్కువ. ముప్పై రోజుల్లో క్లోజ్ చేస్తామని ఆఫర్‌లో రాయకండి, నలభై ఐదు రాయండి. అమ్మేవాళ్ల ఏజెంటు "యూఎస్‌డీఏనా?" అని మొహం చిట్లిస్తే, మీ ఏజెంటు చేత ప్రీ-అప్రూవల్ ఉత్తరంతో పాటు లోన్ ఆఫీసర్ నంబరు కూడా పంపించండి. ఆయన ఒకసారి ఫోన్ చేసి ప్రాసెస్ చెబితే సగం భయం పోతుంది. ఫైనాన్సింగ్, అప్రైజల్, ఇన్‌స్పెక్షన్ కంటింజెన్సీలు (అవి కుదరకపోతే ఒప్పందం వదులుకోవచ్చనే షరతులు) మాత్రం ఎవరెంత చెప్పినా వదలొద్దు, లోన్ రాకపోతే ఎర్నెస్ట్ మనీ వెనక్కి తెచ్చేది అవే.

వీలైతే అక్టోబరు మొదట్లో క్లోజింగ్ పెట్టుకోకండి. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, నిధుల సర్దుబాటుకు కొన్ని రోజులు ఆగుతుంది. బడ్జెట్ పాసవ్వక ప్రభుత్వం మూతపడితే కొత్త కమిట్‌మెంట్లు అసలు ఇవ్వరు. 2025లో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అలాగే జరిగింది. సామాన్లు సర్దుకుని, అపార్ట్‌మెంట్ లీజుకు నోటీసు ఇచ్చేసి కూర్చున్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. లీజు చివర్లో నెల నెలకు పొడిగించుకునే వీలు ఉంచుకోండి.

క్లోజింగ్ అయ్యేదాకా కొత్త కారు, కొత్త క్రెడిట్ కార్డు, ఉద్యోగం మార్పు, ఏదీ వద్దు. జీతం పెరిగినా లోన్ ఆఫీసర్‌కి చెప్పండి, ఆ పెంపుతో ఆదాయ పరిమితి దాటుతారేమో ఆయన చూడాలి.

క్లోజింగ్ అయ్యాక అరవై రోజుల్లో ఆ ఇంట్లో కాపురం పెట్టాలి, అద్దెకు ఇవ్వడానికి తీసుకునే లోన్ కాదిది. తర్వాత వడ్డీ రేట్లు తగ్గితే ఇదే పథకంలో రీఫైనాన్స్ ఉంది, దానికి కొత్త అప్రైజల్ అక్కర్లేదు, నెల వాయిదా కనీసం 50 డాలర్లు తగ్గాలి. సెప్టిక్ ట్యాంకును మూడు నుంచి ఐదేళ్లకోసారి ఖాళీ చేయించండి, మొదటిసారి చేయించిన తేదీ, ఆ మూత ఎక్కడుందో గోడ నుంచి కొలిచిన అడుగులు రెండూ ఒక కాగితం మీద రాసి, ఎలక్ట్రిక్ ప్యానెల్ తలుపు లోపల అంటించండి.